పాలిటిక్స్‌కి దూరంగా ఉంటే నష్టమెవరికి?

ఐటీలో పనిచేసే మనవాళ్ళలో ఎవర్ని కదిపినా రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. మొదటిది, "నేనసలు పాలిటిక్స్ జోలికి వెళ్ళనండీ, నా పనేదో నేను చేసుకుని ఇంటికెళ్ళిపోతా" అని. రెండోది, "మా ఆఫీసులో ఇదివరకులా లేదండీ, ఎవరికీ పని మీద మనసు లేదు" అని. మొదటి మాట చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం ఉంటుంది. రెండో మాట చెప్పేటప్పుడు నిట్టూర్పు ఉంటుంది.

నాకెందుకో ఈ రెండింటికీ సంబంధం ఉందనిపిస్తుంది. ఇంకా గట్టిగా చెప్పాలంటే, మొదటి మాట అనేవాళ్ళు పెరిగేకొద్దీ రెండో మాట నిజమవుతూ పోతుంది. అప్పుడే కొట్టడానికి రాకండి, చెప్పేది పూర్తిగా విన్నాక తిట్టుకుందురుగాని :)

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. ఇంజనీరింగ్ అయ్యి ఈ ఫీల్డులోకొచ్చి ఆరేళ్ళు దాటింది. ఇప్పుడు చేసేది హైదరాబాదులోనే ఓ పెద్ద కంపెనీలో. పేరు చెప్తే పెళ్ళి సంబంధాలు చూసే పెద్దలు "ఓహో" అని తలూపే రకం. ఆ పేరు మాత్రం ఇక్కడ చెప్పను, నెలనెలా ఈఎంఐ కట్టాల్సింది నేనే కదా మరి. కంపెనీ పెద్దదైతే ఒక సౌకర్యం ఉంది. చిన్న చోట్ల దాక్కునే రోగాలు కూడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

మొరేల్ పడిపోవడం అనేది ఒక్కరోజులో జరగదు. చెక్కకి చెద పట్టినట్టు లోపల్లోపలే జరుగుతుంది. గుర్తుపట్టడానికి నేను చూసుకునే లక్షణాలు కొన్నున్నాయి. కోడ్ రివ్యూలో ఇదివరకు పది కామెంట్లు వచ్చే చోట "లుక్స్ గుడ్" అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోతుంది. ఆల్ హ్యాండ్స్ మీటింగు చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటే హాలంతా నిశ్శబ్దం, తర్వాత క్యాంటీన్లో మాత్రం నలభై ప్రశ్నలు. ప్రొడక్షన్లో ఏదన్నా కుప్పకూలితే ఎందుకు కూలిందో తర్వాత, ఎవరి చెకిన్ వల్ల కూలిందో ముందు తేలాలి. ఒకప్పుడు ఇద్దరు కుర్చీలు దగ్గరకి జరుపుకుని ఐదు నిమిషాల్లో తేల్చేసుకున్న విషయానికి ఇప్పుడు ఇద్దరి మేనేజర్లనీ సీసీలో పెట్టి "యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్" అని మొదలుపెడతారు. ఇవన్నీ ఒకే ఏడాదిలో కనిపిస్తే ఇక సర్వేలు అక్కర్లేదు.

అయినా సర్వే వస్తుంది. పేర్లు ఎవరికీ తెలియవంటారు, కానీ ఎంప్లాయీ నంబరుతో లాగిన్ అవ్వాలంటారు. దాని ఫలితాలొచ్చాక ఓ ఫన్ ఫ్రైడే, పిజ్జాలు, కంపెనీ బొమ్మున్న ఒక కాఫీ మగ్గు. నాకు పిజ్జా మీద కోపమేం లేదు, రెండు ముక్కలు నేనూ తింటాను. కానీ పంటి నొప్పికి పాదాలకి నూనె రాస్తే ఎలా తగ్గుతుంది?

సరే, అసలు ఎందుకిలా అవుతుంది? "మనుషులు మంచివాళ్ళు కాదు" అనేది అన్నిటికన్నా తేలిక సమాధానం. నేనొప్పుకోను. ఆ మనుషులే మనం ఫ్లాట్ కొంటుంటే బిల్డర్ గురించి నాలుగు చోట్ల వాకబు చేసిపెడతారు. ఎవరింట్లోనన్నా రక్తం కావాలంటే అర్ధరాత్రి బండేసుకుని వస్తారు. వాళ్ళే ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి వేరేలా మాట్లాడతారు. మనిషి మారలేదు. చుట్టూ ఉన్న లెక్క మారింది.

ఆ లెక్క పేరు మనందరికీ తెలిసిందే, బెల్ కర్వ్. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని 1981 నుంచి 2001 దాకా నడిపిన జాక్ వెల్చ్ దీనికి పెద్ద ప్రచారకర్త. పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. పైవాళ్ళకి పండగ, అడుగువాళ్ళకి వీడ్కోలు. తర్వాత కంపెనీకో రకంగా శాతాలు మారాయి, గ్రేడుల పేర్లు మారాయి, కానీ సారాంశం అదే. పదిమంది ఉన్న టీములో ఇద్దరు పైన, ఏడుగురు మధ్యలో, ఒకరు కింద. ఆ పదిమందీ ఏడాదంతా ప్రాణం పెట్టి పనిచేసినా సరే, ఒకరు కింద ఉండి తీరాలి.

ఇంజనీరింగులో ప్రాబబిలిటీ సబ్జెక్టు పాసైనవాళ్ళం కదా, ఒక్క నిమిషం ఆలోచించండి. గంట ఆకారం కనిపించాలంటే శాంపిల్ పెద్దదవ్వాలి, ఏరకుండా తీసిందవ్వాలి. నాలుగైదు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టి మరీ ఏరి తెచ్చుకున్న పదిమందిలో గంట ఎక్కణ్ణుంచి మోగుతుంది? కంపెనీ మొత్తానికని పెట్టిన శాతం ఒక్కో మెట్టూ దిగుతూ దిగుతూ చివరికి పదిమంది నెత్తిన పడుతుంది. అక్కడ అది గణితం కాదు, వంతులు పంచుకోవడం.

వంతులు పంచుకునే చోట ఏం జరుగుతుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. పక్కవాడికి సాయం చేస్తే నా వంతు తగ్గుతుంది. నాకు తెలిసిన కిటుకు వాడికి చెప్తే వచ్చే ఏడాది వాడు పైన, నేను మధ్యలో. దీన్నే మనం "పాలిటిక్స్" అని పిలుస్తాం. అందులో సగం దుర్మార్గం కాదు, ఆ లెక్కలో ఇరుక్కున్న మామూలు మనుషుల భయం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్‌లో దీన్ని స్టాక్ ర్యాంకింగ్ అనేవారు. 2012లో వానిటీ ఫెయిర్ పత్రికలో కర్ట్ ఐకెన్‌వాల్డ్ రాసిన వ్యాసంలో, ఆయన మాట్లాడిన ఉద్యోగులు అందరూ కంపెనీని అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసిన పద్ధతిగా దీన్నే చెప్పారట. బాగా పనిచేసేవాళ్ళు బాగా పనిచేసే ఇంకొకరితో ఒకే టీములో ఉండటానికి జంకేవారని కూడా అందులో ఉంది. 2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని తీసేసింది. మన సత్య నాదెళ్ళ వచ్చి తీయించాడని మనవాళ్ళలో కొందరు మురిసిపోతూ చెప్తారు గానీ, ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. అప్పటికే ఆ నిర్ణయం అయిపోయింది. అడోబీ 2012లోనే ఏడాదికోసారి రేటింగులిచ్చే పద్ధతికి స్వస్తి చెప్పింది. యాక్సెంచర్ కూడా ఏడాదికోసారి ర్యాంకులిచ్చే పద్ధతిని వదిలేస్తామని 2015లో ప్రకటించింది.

అంతా బాగుపడిపోయిందనుకుంటున్న టైములో గాలి మళ్ళీ తిరిగింది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ 12,000 మందిని అన్నాయి. 2025 జనవరిలో మెటా పని బాగా చేయనివాళ్ళ పేరుతో సుమారు 5 శాతం మందిని తగ్గిస్తామంది. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో దాదాపు 2 శాతం, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తామని చెప్పింది. కింద గడిలో పడటం అంటే ఒకప్పుడు ఆ ఏడాది హైక్ పోవడం. ఇప్పుడు ఉద్యోగమే పోవచ్చన్న భయం. గడి అదే, దాని బరువు పెరిగింది.

ఇప్పుడు "దూరంగా ఉండటం" సంగతికొద్దాం.

రేటింగులు ఎక్కడ తేలతాయో చాలామంది జూనియర్లకి తెలియదు. మనం సెల్ఫ్ అప్రైజల్ ఫారంలో రాత్రంతా కూర్చుని రాసిన వ్యాసం దగ్గర కాదు. మేనేజర్‌తో వన్ ఆన్ వన్‌లోనూ కాదు. ఆ తర్వాత మేనేజర్లందరూ ఒక గదిలో కూర్చుంటారు, దాన్ని కొందరు కాలిబ్రేషన్ అంటారు, కొందరు నార్మలైజేషన్ అంటారు. గోడ మీద ఎక్సెల్ షీటు. అందులో మన పేరొక వరస. ప్రతి పేరు మీదా పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. ఆ కాసేపట్లో మన మేనేజర్ చేతిలో చెప్పడానికేమన్నా ఉందా, మిగతా మేనేజర్లు మన పేరు ఎప్పుడన్నా విన్నారా, ఇంతే. పని చూసి కాదు, పని గురించి ఎవరన్నా చెప్పిన మాట చూసి తేలే వ్యవహారం అది. మాట చెప్పేవాళ్ళు లేని పేరు తనంతట తానే కిందికి జారుతుంది. ఎవరూ తోయక్కర్లేదు.

మా పక్క టీములో ఒకావిడ ఉండేవారు, టెస్టింగులో. ఆవిడా నేనూ ఒకే రూటు క్యాబ్, అలా పరిచయం. రెండ్రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగుని నాలుగు గంటల్లో దానంతటదే నడిచేలా స్క్రిప్టులు రాసింది ఆవిడే. రాత్రి మొదలై తెల్లారేసరికి రిపోర్టు మెయిల్లో వచ్చేది. ఆ సెప్టెంబరులో ఆవిడ మెటర్నిటీ లీవు మీద వెళ్ళారు. 2017లో చట్టం మారినప్పట్నుంచీ 26 వారాల సెలవు ఉంది కదా, తిరిగొచ్చేసరికి మార్చి అయింది. ఈలోగా ఒక రీఆర్గ్ జరిగి మేనేజర్ మారిపోయారు. కొత్తాయనకి ఆవిడ మొహమే తెలియదు. ఏప్రిల్లో రేటింగులొచ్చాయి. ఆవిడది అడుగు గడి. కారణం, "విజిబిలిటీ తక్కువ".

సెలవులో ఉన్న మనిషికి విజిబిలిటీ ఎలా ఉంటుందో ఆ కారణం రాసినవాళ్ళకే తెలియాలి.

ఆ రాత్రి రిపోర్టు ఎవరి కష్టమో ఆ టీములో మిగతా నలుగురికీ తెలుసు. రోజూ పొద్దున్నే అది చూసే పని మొదలుపెట్టేవారు. నలుగురూ మంచివాళ్ళే, ఆవిడ బాబు బారసాలకి వెళ్ళి కవరు కూడా పెట్టి వచ్చారు. కానీ కొత్త మేనేజర్‌తో "ఇది ఫలానా ఆవిడ చేసిందండీ" అన్న ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదన్నది నిజమే. అడగకుండా చెప్తే ఒకరి తరఫున లాబీయింగ్ చేసినట్టుంటుందని కాబోలు. అందరూ పాలిటిక్స్‌కి దూరంగా ఉండేవాళ్ళే మరి.

ఆవిడ హెచ్ఆర్‌కి రాస్తే "సైకిల్ క్లోజ్ అయిపోయింది" అన్నారు. పేపరు పెట్టి, మూడు నెలల నోటీసు పూర్తిచేసి వెళ్ళిపోయారు. తర్వాత కొన్నాళ్ళకి బ్రౌజర్ వెర్షన్ మారి ఆ స్క్రిప్టులు ఆగిపోయాయి. బాగుచేయడం ఎవరికీ చేతకాలేదు. ఆ నలుగురూ రిలీజ్ ముందు శనివారాలు ఆఫీసుకొచ్చి చేత్తో టెస్టింగ్ చేశారు. "మా టీములో మొరేల్ ఏం బాలేదు" అని వాళ్ళే అంటుంటారు.

అందుకే నేననేది. మనం దూరంగా ఉన్నంత మాత్రాన ఆ గదిలో ఆట ఆగదు. మనం లేకుండా జరుగుతుంది. దాని ఖరీదు కట్టేది సాధారణంగా ఆ టీములో అందరికన్నా నెమ్మదైనవాళ్ళు. మీటింగులో ఇంగ్లీషు తడబడేవాళ్ళు, సెలవులో ఉన్నవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు, సపోర్టులో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళకి మాత్రం మన మౌనం భలే కలిసొస్తుంది.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో "ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ" అని ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థ దిగజారుతున్నప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయంటాడు. వదిలి వెళ్ళిపోవడం, లేదా ఉండి నోరు విప్పడం. ఆ సంస్థ మీద మమకారం ఎంతుందన్న దాన్నిబట్టి ఏ దారి పడతాడన్నది తేలుతుంది. నైజీరియా రైల్వేల ఉదాహరణ చెప్తాడు. లారీలు పోటీకొచ్చాక రైల్వేలు బాగుపడాలి కదా, పడలేదు. ఎందుకంటే గట్టిగా అడగగలిగిన ఖాతాదార్లే ముందు లారీలకి మారిపోయారు, అడిగేవాళ్ళు మిగల్లేదు. మన ఆఫీసుల్లోనూ సరిగ్గా ఇదే కథ. నాణ్యత గురించి పట్టించుకునేవాళ్ళే ముందు ఇంకో ఆఫర్ తెచ్చుకుని వెళ్ళిపోతారు.

మనం కనిపెట్టిన దారి ఇంకొకటుంది. వెళ్ళం, మాట్లాడం. మనిషి కుర్చీలో, మనసు జాబ్ పోర్టల్లో. 2022లో ఇలాంటిదానికి "క్వైట్ క్విటింగ్" అని పేరొచ్చి అదేదో తిరుగుబాటన్నట్టు ప్రచారమైంది. ఇచ్చిన జీతానికి ఇచ్చిన పని, సాయంత్రం ఆరుకి ఇల్లు, ఇందులో నాకేం తప్పు కనపడదు. కానీ మనసు చంపుకుని రోజుకి తొమ్మిది గంటలు కూర్చోవడం కంపెనీకన్నా ముందు మనల్నే తింటుంది. ఆ చిరాకు ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది.

"నచ్చకపోతే మానెయ్యొచ్చుగా" అని బయటివాళ్ళు తేలిగ్గా అంటారు. మన దగ్గర పెద్ద కంపెనీల్లో చాలాచోట్ల 90 రోజుల నోటీసు. అన్ని రోజులు ఆగే కొత్త కంపెనీ దొరకాలి. ఫ్లాట్ లోను ఉంది, పిల్లల స్కూలు ఫీజుంది. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న మనవాళ్ళ సంగతి మరీ ఇరుకు. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లోపు ఇంకోటి వెతుక్కోవాలి, లేకపోతే వేరే స్టేటస్‌కి అప్లై చేసుకోవాలి, అదీ కాకపోతే సామాను సర్దుకోవాలి. కాబట్టి వెళ్ళిపోవడం అందరి చేతిలో ఉన్న ఆయుధం కాదు. అందుకే ఉన్నచోట మాట్లాడటం నేర్చుకోక తప్పదు. మాట్లాడటమంటే మీటింగులో బల్ల గుద్దడం కాదు. నేను పాటించేవి, నా చుట్టూ పనిచేయడం చూసినవి కొన్ని చెప్తాను.

ఒకటి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఏడాది మొదట్లోనే మేనేజర్ని అడగండి, "ఈ ఏడాది చివర నేను బాగా చేశానని మీరు అనాలంటే ఏమేం చూపించాలి?" అని. అడిగినది అదే రోజు ఓ ఐదు లైన్ల మెయిల్లో రాసి పంపండి. మధ్యలో మేనేజర్ మారితే కొత్తాయనకి అదే మెయిల్ ఫార్వర్డ్ చేయండి. రీఆర్గులు వర్షాల్లాంటివి, ఎప్పుడొస్తాయో తెలియదు, గొడుగు మాత్రం మనదగ్గరుండాలి.

రెండు. శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు. ఆ వారం ఏం చేశాను, దానివల్ల ఎవరికి ఏం కలిసొచ్చింది, నాకు ఎవరు సాయం చేశారు. మూడు లైన్లు చాలు. మార్చిలో కూర్చుని జూన్‌లో ఏం చేశామో గుర్తుతెచ్చుకోవడం ఎవరివల్లా కాదు.

మూడు. పేరు పెట్టి చెప్పండి. స్టేటస్ మెయిల్లో "టీమ్ ఫిక్స్‌డ్ ద ఇష్యూ" అనకుండా ఎవరు ఫిక్స్ చేశారో వాళ్ళ పేరు రాయండి. టీము మొత్తం చేసిందంటే ఎవరూ చేయలేదని అర్థం, లేదా మీటింగులో గట్టిగా మాట్లాడినవాడు చేశాడని అర్థం. పైసా ఖర్చులేని పని ఇది, చేసేవాళ్ళు ఎంత తక్కువో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

నాలుగు. గదిలో లేనివాళ్ళ గురించి చెప్పండి. సెలవులో ఉన్నవాళ్ళు, వేరే షిఫ్టులో ఉన్నవాళ్ళు. మేనేజర్ మారిన వారంలోనే వన్ ఆన్ వన్‌లో "ఫలానావాళ్ళు ఇది చేశారు, మీకు తెలిసుండదని చెప్తున్నా" అనడానికి అర నిమిషం పడుతుంది. వాళ్ళు మీకు స్నేహితులు కానక్కర్లేదు. నిజమైతే చాలు.

ఐదు. టీ దగ్గర వచ్చే వదంతికీ వార్తకీ తేడా చూసుకోండి. "జూన్‌లో ఇంకో లిస్టు ఉందట" అనేది విన్నప్పుడు నేనొకటే ప్రశ్న వేసుకుంటాను, ఇది నిజమైతే రేపు నేను వేరేగా చేసే పనేమన్నా ఉందా? ఉంటే చేస్తాను. లేకపోతే టీ తాగి వచ్చేస్తాను. ఆ లిస్టుని ఇంకో నలుగురికి మోయడం మాత్రం చేయను. లేని భయం పంచితే ఉన్న భయం తగ్గదు.

ఆరు. ఇంటికి ఆఫీసు మోసుకెళ్ళొద్దు. పూర్తిగా చెప్పకుండా ఉండలేం, నాకూ తెలుసు. రాత్రి భోజనం దగ్గర ఓ పావుగంట, అంతే. దాంతోపాటు ఆరు నెలల ఖర్చులకి సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి. ధైర్యం అనేది సగం స్వభావం, సగం బ్యాంకు బ్యాలెన్సు. నోరు విప్పాలంటే ఆ రెండోది చాలా అవసరం.

మా సొంత టీము లీడ్ ఒకాయన కాలిబ్రేషన్ ముందు ఒక పద్ధతి పెట్టాడు. ప్రతివాళ్ళనీ అరపేజీ రాయమంటాడు. మొదటి ప్రశ్న అందరూ అడిగేదే, నువ్వేం చేశావని. రెండోదే కీలకం, నీ పనిలో ఎవరెవరు చెయ్యేశారని. ఓ ఏడు మా ఏడుగురిలో ఆరుగురు సపోర్టులో ఉండే ఒకే కుర్రాడి పేరు రాశారు. మీటింగుల్లో నోరెత్తని మనిషి. ఆ కాగితాలు పట్టుకుని మేనేజర్ ఆ గదిలోకెళ్తే అతని పేరు కిందికి తోయడం ఎవరివల్లా కాలేదు.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయొచ్చు, వేయాలి కూడా. "అతన్ని కాపాడితే ఆ గడి ఇంకొకడికి పడిందిగా? ఒకడి మెడలో తాడు తీసి ఇంకొకడి మెడలో వేసినట్టేగా?" నిజమే. కోటా ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరికి పడుతుంది. ఈ చిట్కాలేవీ ఆ లెక్కని రద్దు చేయవు. కానీ రెండు తేడాలున్నాయి. పడేటప్పుడు కనీసం చేసిన పని చూసి పడుతుంది, నోరులేనివాడని చూసి కాదు. ఇంకోటి, పదిమందికీ పది కాగితాలున్నప్పుడు "వీళ్ళలో కింద పెట్టాల్సినవాళ్ళు లేరు" అని పైకి చెప్పడానికి మేనేజర్‌కి ఒక ఆధారం ఉంటుంది. చేతిలో ఏమీ లేకుండా కోటాని ప్రశ్నిస్తే దాన్ని సెంటిమెంటు అంటారు. కాగితం ఉంటే డేటా అంటారు. మనవాళ్ళకి డేటా అంటే ఎంత గౌరవమో తెలిసిందేగా :)

ఇంకో విషయం కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. పన్నెండు వేలమందిని తీసేయాలని పైన ఎక్కడో నిర్ణయమైనప్పుడు మన శుక్రవారం డైరీలు దాన్ని ఆపలేవు. ఒక్కోసారి ప్రాజెక్టుకి ప్రాజెక్టే పోతుంది, అందులో ఎవరు ఎంత గొప్పగా చేశారన్నది ఎవరూ చూడరు. అలాంటప్పుడు అది మన తప్పు కాదని మనకి మనం గట్టిగా చెప్పుకోవాలి. పక్క సీటువాళ్ళకి జరిగితే వాళ్ళకీ చెప్పాలి. ఉద్యోగం పోయినవాళ్ళకి ఫోన్ చేయడానికి మొహమాటపడి తప్పించుకు తిరుగుతుంటారు చాలామంది. ఏం మాట్లాడాలో తెలియకపోతే రెజ్యూమె పంపమనండి, మీకు తెలిసిన రెండుచోట్లకి పంపండి. ఓదార్పు మాటలకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మరి ఎప్పుడు వెళ్ళిపోవాలి? నా మట్టుకు నాకు ఒక గుర్తుంది. నిజం చెప్పినందుకు మనిషిని శిక్షించిన చోట ఉండకూడదు. చెప్తే వినకపోవడం వేరు, పెద్ద కంపెనీలు నెమ్మదిగా వింటాయి, రెండు మూడుసార్లు చెప్పాలి. కానీ పక్కవాళ్ళ పని గురించి మంచిగా చెప్పినందుకే నీ మీద మచ్చ పడిందంటే, ఆ చోట బాగుపడే యంత్రమే పోయిందని అర్థం. అప్పుడు దూరపు కొండలు నునుపేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, చేతిలో ఆఫర్ పెట్టుకుని, మర్యాదగా నోటీసు పూర్తిచేసి వచ్చేయడమే. ఆ నిర్ణయం కోపంలో ఉన్న శుక్రవారం కాకుండా ప్రశాంతంగా ఉన్న మంగళవారం తీసుకుంటే మంచిది.

అప్పటిదాకా మాత్రం "నేను పాలిటిక్స్‌కి దూరం" అనే మాటని కొంచెం మార్చి వాడదామంటాను. వెన్నుపోట్లకి దూరం, చాడీలకి దూరం, పక్కవాడి క్రెడిట్ కొట్టేయడానికి దూరం. ఇంతవరకూ సరే. కానీ తెలిసిన నిజాన్ని తెలియాల్సిన చోట చెప్పడానికి కూడా దూరమంటే, దానికి మంచితనం అని పేరు పెట్టుకోకూడదు.

ఇది రాస్తుంటే మార్చి దగ్గర పడుతోంది. మీ టీములో ఇప్పుడు సెలవులో ఉన్నవాళ్ళెవరు? వాళ్ళు ఏం చేశారో మీ మేనేజర్‌కి తెలుసా? రేపు పొద్దున వన్ ఆన్ వన్ ఉంటే ఆ అర నిమిషం ఖర్చుపెట్టి చూడండి.